అమెరికన్ సొసైటీ ఆఫ్ ఫార్మకాగ్నసీ ఎలా పుట్టింది? ఆ సబ్జెక్టు చదివితే భవిష్యత్తు ఉందా?

మీరు అడిగినవి రెండు సంగతులు. ఔషధ మొక్కల మీద పనిచేసే ఈ అమెరికన్ సొసైటీ ఎప్పుడు, ఎందుకు పుట్టింది అన్నది ఒకటి. బీఫార్మసీ మూడో ఏడు చదువుతున్న మీరు ఫార్మకాగ్నసీలో (మొక్కల్లాంటి సహజ వనరుల నుంచి వచ్చే మందుల చదువు) ముందుకెళ్తే అది తిండి పెడుతుందా అన్నది రెండోది. రెండోదానికి జవాబు మొదటిదాన్లోనే ఉంది కాబట్టి కాస్త ఓపిక పట్టండి, కథ కొంచెం పొడుగే. నేను గుంటూరు జిల్లాలో బీఫార్మసీ, విశాఖలో ఎంఫార్మసీ చేసి, పీహెచ్‌డీకి అమెరికా వచ్చి, ఇప్పుడు మూలికల పొడులు, ఎక్స్‌ట్రాక్టులు టెస్ట్ చేసే ల్యాబులో ఉద్యోగం చేస్తున్నాను. స్టూడెంటుగా ఉన్నప్పటి నుంచీ ఈ సొసైటీలో మెంబర్‌ని, అంచేత కొంత అభిమానం ఉంటుంది, అంత మేరకు తగ్గించుకుని చదవండి.

ముందు తేదీలు. సొసైటీ ఆ పేరుతో మొదలైంది 1959లో. కానీ అది గాల్లోంచి ఊడిపడలేదు, 1923 నుంచి నడుస్తున్న 'ప్లాంట్ సైన్స్ సెమినార్' అనేదాన్నే పేరూ పద్ధతీ మార్చి కొత్తగా నిలబెట్టారు. సెమినార్ అనగానే మన కాలేజీల్లో జరిగే స్లైడ్ల తతంగం గుర్తుకు రావచ్చు, అలాంటిది కాదు. ఫార్మసీ కాలేజీల్లో మొక్కల పాఠాలు చెప్పే మాస్టార్లు ఏటా ఒకచోట కలుసుకుని, మొక్కలు చూసి, పాఠాలు ఎలా చెప్పాలో మాట్లాడుకునే చిన్న కూటమి అది. అప్పట్లో వాళ్ళకి గిరాకీ బాగానే ఉండేది. ఎందుకంటే ఆ రోజుల్లో మందు అంటే చాలావరకు ఆకు, బెరడు, వేరు. ఓడల్లో సంచులకొద్దీ దిగేది. ఆ సంచిలో ఉన్నది నిజంగా సునాముఖేనా, లేక ఇంకేదైనా ఆకు కలిపారా అని చెప్పగలిగిన మనిషి కావాలి. 1906లో అమెరికాలో ఆహారం, మందుల కల్తీ మీద చట్టం వచ్చాక ఆ మనిషి అవసరం ఇంకా పెరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో యూరప్ నుంచి సరుకు ఆగిపోయినప్పుడు ఫార్మసీ కాలేజీలే తోటలు వేసి డిజిటాలిస్ లాంటివి పెంచాయి. గుండె జబ్బు మందు కాలేజీ పెరట్లో పండిందన్నమాట!

తర్వాత ఒక్కసారిగా గాలి మారింది. 1930ల చివర్లో సల్ఫా మందులు, 1940ల్లో పెనిసిలిన్, ఆ వెంటనే ఫ్యాక్టరీలో తయారయ్యే మాత్రలు. ఫార్మసిస్టు చేతిలోకి ఆకు రావడం మానేసి సీసా రావడం మొదలైంది. ఆకు చూడాల్సిన పనే లేనప్పుడు ఆకు గుర్తుపట్టే చదువెందుకని కాలేజీలు పీరియడ్లు కోసేశాయి. మీ క్లాసులో ఇప్పుడు "ఇదంతా ఎందుకు సార్" అని వెనక బెంచీ వాళ్ళు అంటున్నారు చూడండి, సరిగ్గా అదే మాట డెబ్బై ఏళ్ళ క్రితం అమెరికాలో డీన్‌లే అన్నారు.

కాకపోతే సరిగ్గా అదే సమయంలో రెండు మొక్కలు వచ్చి సబ్జెక్టు పరువు కాపాడాయి, రెండూ మనకి తెలిసినవే.

మొదటిది సర్పగంధ. బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ దీన్ని బీపీ రోగులకిచ్చి, వచ్చిన ఫలితాల్ని 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వేశారు. అంతకు ముందే 1931లో సేన్, బోస్ అనే ఇద్దరు దీని గురించి రాశారు గానీ బయట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. వకీల్ పేపర్ తర్వాత కథే వేరు. 1952లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ వాళ్ళు వేరు నుంచి రిసర్పిన్ తీశారు, అది బీపీకే కాక మానసిక రోగులకీ వాడేశారు, మన దేశం నుంచి వేర్ల కోసం ఎంత ఎగబడ్డారంటే ప్రభుత్వం ఎగుమతి మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. అప్పుడు కంపెనీలు ఆఫ్రికాలో దొరికే దాని చుట్టం మొక్క వైపు పరిగెత్తాయి. ఏది అసలు సర్పగంధ, ఏది ఆఫ్రికా రకం అని వేరు ముక్క చూసి చెప్పాల్సింది ఎవరు? ఉద్యోగాలు పోతాయని భయపడుతున్న ఆ మాస్టార్లే.

రెండోది బిళ్ళ గన్నేరు. ఇది మాత్రం కాస్త తీరిగ్గా చెప్పాలి. మా ఊళ్ళో ఇప్పటికీ షుగర్ ఉన్న పెద్దవాళ్ళు పొద్దున్నే రెండు ఆకులో పూలో నమిలి నీళ్ళు తాగుతారు, మా పెదనాన్న కూడా అంతే, మెట్‌ఫార్మిన్ మానకుండా ఇదీ నడిపిస్తారు (మీరు చేయకండి, ఎవరికీ చెప్పకండి కూడా, ఆ ఆకులో ఉన్నవి కణాల్ని చంపే రసాయనాలు). జమైకాలో కూడా సరిగ్గా ఇదే అలవాటు, షుగర్‌కి దాని కషాయం తాగుతారు. 1952లో అక్కడి నుంచి టొరంటోలోని డాక్టర్ క్లార్క్ నోబుల్‌కి ఒక కవర్లో ఆ ఆకులు వచ్చాయి. ఈ క్లార్క్ నోబుల్ ఎవరంటే, ఇన్సులిన్ కనిపెట్టే రోజుల్లో బాంటింగ్ పక్కన ఎవరు ముందు పనిచేయాలని టాస్ వేస్తే ఓడిపోయాడని చెప్పుకునే కుర్రాడు, గెలిచిన బెస్ట్ పేరు చరిత్రకెక్కింది. సరే, రిటైరైపోయిన క్లార్క్ ఆ ఆకుల్ని తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కి పంపాడు. వెస్టర్న్ ఒంటారియో యూనివర్సిటీలో రాబర్ట్ ఎలుకల మీద చూస్తే షుగర్ తగ్గలేదు. నోటి ద్వారా ఇస్తే ఏమీ కాలేదని సూదితో ఎక్కిస్తే ఎలుకలు ఇన్ఫెక్షన్ వచ్చి చచ్చిపోయాయి. చాలామంది అక్కడితో ఫైలు మూసేసేవాళ్ళు. ఆయన ఎందుకు చచ్చాయో చూశాడు, తెల్ల రక్త కణాలు దారుణంగా పడిపోయి ఉన్నాయి. తెల్ల కణాల్ని పడగొట్టేది ల్యుకేమియాకి (రక్త క్యాన్సర్) పనికిరాదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. చార్లెస్ బీర్ అనే కెమిస్ట్ చేరి 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ విడదీశాడు. అటు ఎలై లిల్లీ కంపెనీలో గోర్డన్ స్వొబోడా కూడా ఇదే మొక్క మీద విడిగా పనిచేస్తున్నాడు, విన్‌క్రిస్టిన్ ఆయన బృందం నుంచే వచ్చింది. 1961లో ఒకటి, 1963లో ఇంకొకటి అమెరికాలో మందులుగా అనుమతి పొందాయి. పిల్లల్లో వచ్చే ల్యుకేమియాకి విన్‌క్రిస్టిన్ ఈ రోజుకీ ఇస్తున్నారు.

ఇప్పుడు 1959 ఎందుకో అర్థమైందా? ఒకవైపు కాలేజీల్లో పీరియడ్లు పోతున్నాయి, ఇంకోవైపు మొక్కల్లోంచి కొత్త మందులు దూసుకొస్తున్నాయి, అవి తెస్తున్నది మైక్రోస్కోపులో పొడి చూసే మాస్టార్లు కాదు, కెమిస్టులూ ఫార్మకాలజిస్టులూ. వాళ్ళని లోపలికి రానిస్తే సంఘం బతుకుతుంది, లేదంటే పాఠాలు చెప్పేవాళ్ళ పాత మిత్రుల కూటమిగా మిగిలిపోయి మెల్లగా ఆరిపోతుంది. సెమినార్‌ని సొసైటీగా మార్చిన తరం వాళ్ళు రానిద్దామనుకున్నారు. తొలి అధ్యక్షుడు వారో టైలర్ అప్పటికి చాలా చిన్నవాడు, తర్వాత పర్డ్యూ యూనివర్సిటీ ఫార్మసీ డీన్ అయ్యాడు. మూలికల్ని ప్రేమించే మనిషే గానీ 'సహజమైనది కాబట్టి సురక్షితం' అనే వాళ్ళని జీవితాంతం ఉతికి ఆరేశాడు. ఇంకో పెద్ద తలకాయ నార్మన్ ఫార్న్స్‌వర్త్. సిగార్ లేకుండా కనిపించడని పేరు. 1961లో బిళ్ళ గన్నేరు జాతుల మీద ఆయన రాసిన పెద్ద సమీక్ష లాయిడియా పత్రికలో వచ్చింది.

ఆ లాయిడియా సంగతి చెప్పకపోతే ఈ కథలో మజా లేదు. సిన్సినాటిలో లాయిడ్ అనే ముగ్గురు అన్నదమ్ములుండేవాళ్ళు, జాన్ యూరీ, నెల్సన్ ఆష్లే, కర్టిస్ గేట్స్. మూలికా వైద్యం చేసే ఎక్లెక్టిక్ డాక్టర్లకి మందులు తయారుచేసి అమ్మేవాళ్ళు. 1880ల్లో నెబ్రాస్కా నుంచి మేయర్ అనే నాటు మందుల వ్యాపారి తన దగ్గరున్న వేరు పాము కాటుకి బ్రహ్మాండమని ఉత్తరం రాశాడు, నమ్మకపోతే నేనే వచ్చి మీ ఎదుట పాముతో కరిపించుకుంటానన్నాడు. వాళ్ళు ఆ వేడుక వద్దనుకున్నారు గానీ ఆ మందు ఏ మొక్కదో తేల్చడానికి మొక్క మొత్తం పంపమన్నారు. వచ్చిన మొక్కని చూసి ఎకినేషియా అని తేల్చారు. ఈ రోజు అమెరికాలో ఏ మందుల షాపులో చూసినా జలుబుకి కనిపించే ఎకినేషియా ఆ దారిన వచ్చిందే. చిన్నవాడు కర్టిస్ పుట్టగొడుగుల పిచ్చోడు, అన్నదమ్ములు పెట్టిన లైబ్రరీకి ఆస్తి రాసిచ్చిపోయాడు. బతికుండగానే తన సమాధి రాయి తనే చెక్కించుకుని, ఇది నా డంబం తీర్చుకోవడానికి నాకోసం నేనే పెట్టించుకున్నదని దాని మీద రాయించాడు, ఆ నిజాయితీకి దండం పెట్టాలి. ఆ లాయిడ్ లైబ్రరీ 1938లో మొదలెట్టిన పత్రికే లాయిడియా. సొంత పత్రిక లేని సొసైటీ 1961 నుంచి వాళ్ళతో కలిసి దాన్ని నడిపింది.

ఇక్కడి నుంచి కెమిస్ట్రీ స్పీడందుకుంది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1960 నుంచి 1982 దాకా దాదాపు 35,000 మొక్క జాతుల సారాల్ని జల్లెడ పట్టింది. అందులోంచే టాక్సాల్ అనే క్యాన్సర్ మందు వచ్చింది: 1962లో వాషింగ్టన్ రాష్ట్రపు అడవిలో ఆర్థర్ బార్‌క్లే అనే బొటానిస్టు పసిఫిక్ యూ చెట్టు బెరడు సేకరించాడు, మన్రో వాల్, మన్సుఖ్ వాణీ 1971లో దాని నిర్మాణం ప్రచురించారు, మందుగా అనుమతి వచ్చేసరికి 1992. ముప్పై ఏళ్ళు! పీహెచ్‌డీ లేటవుతోందని టెన్షన్ పడేవాళ్ళకి ఈ లెక్క చెబుతుంటాను. 1979లో లాయిడియా కాస్తా జర్నల్ ఆఫ్ నేచురల్ ప్రొడక్ట్స్ అయింది, 1996 నుంచి ప్రచురణలో అమెరికన్ కెమికల్ సొసైటీ చేయి కలిపింది.

కెమిస్ట్రీ వైపు ఈ మలుపు మన విశాఖలో ఇంకా ముందే జరిగింది, ఇది మనవాళ్ళకే ఎక్కువమందికి తెలియదు. 1930ల నుంచీ ఆంధ్రా యూనివర్సిటీలో టి.ఆర్. శేషాద్రి గారు పువ్వుల్లో, బెరళ్ళలో ఉండే ఫ్లేవనాయిడ్లు అనే రసాయనాల మీద పనిచేశారు. యుద్ధమొచ్చి క్యాంపస్‌ని సైన్యం తీసుకుంటే డిపార్ట్‌మెంటు గుంటూరుకీ, ఆ తర్వాత మద్రాసుకీ మారింది, అయినా పని ఆగలేదు. 1949లో ఆయన ఢిల్లీ వెళ్ళిపోయారు. నేను ఎంఫార్మసీలో ఉండగా మా పెద్ద మాస్టారొకరు "మొక్క కెమిస్ట్రీ అంటే జర్మనీ అనుకుంటారేంట్రా, వాల్తేరు" అనేవారు.

ఇక నా అనుభవం. మొదటిసారి సొసైటీ వార్షిక సమావేశానికి పోస్టర్ పట్టుకుని వెళ్ళినప్పుడు నేను ఊహించుకున్నది చెట్లూ, వేర్లూ, ఆకులూ. తీరా చూస్తే వరసగా సముద్రపు స్పాంజీలు, సముద్రపు అడుగు బురదలో బ్యాక్టీరియా, జీన్ క్లస్టర్లు, మాస్ స్పెక్ట్రోమీటర్ గ్రాఫులు. నా పోస్టర్‌లో ఒక ఆకు అడ్డకోత బొమ్మ ఉంది, దాని ముందు ఆగినవాళ్ళలో సగం మంది తెల్ల జుట్టువాళ్ళు. ఒకాయన వంగి చూసి, కోత రేజర్ బ్లేడుతో చేత్తో కోశావా, మైక్రోటోమ్‌తోనా (పల్చటి ముక్కలు కోసే యంత్రం) అని అడిగారు. చేత్తోనే, బంగాళదుంప ముక్కలో ఇరికించి అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. మా విద్యార్థులకి ఇది నేర్పడానికి మాకు మనుషులే దొరకట్లేదని చెప్పి అరగంట నిలబడ్డారు. నాకు ఆశ్చర్యమేసింది, మన దగ్గర ఏ ఫార్మసీ కాలేజీలోనైనా రెండేళ్ళు చదివిన పిల్ల ఎవరైనా చేసే పని అది. క్లోరల్ హైడ్రేట్ వేసి వేడి చేయడం, ఫ్లోరోగ్లూసినాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలేస్తే కలప భాగం గులాబీ రంగెక్కడం, రికార్డులో పెన్సిల్‌తో బొమ్మలేసి సంతకాల కోసం తిరగడం, మనం తిట్టుకుంటూ చేసినవే ఇవన్నీ.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. 1959లో కెమిస్టులకి తలుపు తీయడం వల్లే సొసైటీ బతికింది, ఆ విషయంలో వాళ్ళని తప్పు పట్టలేం. కానీ వచ్చినవాళ్ళు ఇల్లంతా నిండిపోయి, మొక్కని చూసి గుర్తుపట్టే వాళ్ళు వరండాలోకి చేరారు. దాని ధర 1990ల్లో కట్టాల్సి వచ్చింది. బెల్జియంలో బ్రసెల్స్‌లో ఒక క్లినిక్ బరువు తగ్గడానికి చైనా మూలికలు ఇచ్చింది. అందులో స్టెఫానియా వేరు ఉండాల్సిన చోట అరిస్టొలోకియా వేరు వచ్చింది, మన ఈశ్వరి తీగ ఉన్న జాతే అది. దాదాపు వందమంది ఆడవాళ్ళకి కిడ్నీలు దెబ్బతిన్నాయి, తర్వాత కొందరికి క్యాన్సర్ కూడా వచ్చింది. అమెరికాలో 1994లో సప్లిమెంట్ల చట్టం వచ్చి మూలికల మార్కెట్ బార్లా తెరుచుకుంది. 1997లో ప్లాంటేన్ ఆకు (అరటి కాదు, ఆ పేరున్న ఒక మూలిక) అని అమ్మిన సరుకులో డిజిటాలిస్ లనాటా కలిసి, మామూలు సప్లిమెంట్ అనుకుని వాడిన ఇద్దరు గుండె లయ తప్పి ఆసుపత్రిపాలయ్యారు. ఎక్కడో ఒక మనిషి ఆ ఆకు పొడిని స్లైడు మీద పెట్టి చూసుంటే ఆ రెండాకుల రోమాలు, పత్రరంధ్రాల తీరు వేరని ఇట్టే పట్టేసేవాడు.

నా ఉద్యోగం కూడా ఆ వరండాలోంచే వచ్చింది. మచ్చుకి ఒకటి. అశ్వగంధ వేరు పొడి అని డ్రమ్ములు వస్తాయి. మెషీన్‌లో విథనోలైడ్ల (అశ్వగంధలో ఉండే ముఖ్యమైన రసాయనాలు) శాతం కొలిస్తే లేబుల్ మీద ఉన్నదానికి సరిపోతుంది, పేపర్ల మీద అంతా పర్‌ఫెక్ట్. కానీ ఆకులోనూ విథనోలైడ్లు ఉంటాయి, ఆకు వేరు కన్నా చాలా చవక, అంచేత కొందరు మహానుభావులు ఆకు కలిపేస్తారు. నేను చేసేదల్లా చిటికెడు పొడి నీళ్ళలో వేసి ఒక చుక్క అయోడిన్ తగిలించడం, వేరైతే పిండి రేణువులు గుంపులు గుంపులుగా నల్లనీలంగా మారతాయి. ఇంకో స్లైడులో క్లోరల్ హైడ్రేట్ వేసి వేడి చేస్తే పిండి కరిగిపోయి మిగతావి స్పష్టంగా కనిపిస్తాయి. అందులో చెట్టుకొమ్మల్లా చీలిన రోమాలు, పత్రరంధ్రాలు కనిపించాయంటే అది వేరు కాదు, లేదా ఒట్టి వేరు కాదు. పది నిమిషాల పని. లక్షల డాలర్ల మెషీన్ ఓకే చెప్పిన డ్రమ్ముని ఇలా వెనక్కి పంపిన రోజున సప్లయర్ల నుంచి ఫోన్లు మామూలుగా ఉండవు. అనంతపురం వైపు ఈ పంట వేసే రైతు తవ్వి, కడిగి, ఎండబెట్టిన మంచి వేరుకి ధర రాకపోవడానికి ఈ ఆకు కల్తీ కూడా ఒక కారణమని నా అనుమానం.

ఇంకొక్క మాట. ఫార్న్స్‌వర్త్, ఆయన సహచరులు 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఒక లెక్క ఇచ్చారు: మొక్కల నుంచి వచ్చి వాడుకలో ఉన్న 119 మందుల్లో 74 శాతం జనం వాడకాన్ని పట్టుకుని వెళ్తే దొరికినవే. అంటే తెలివి ముందు ఊళ్ళల్లో ఉంది, ల్యాబుకి తర్వాత వచ్చింది. మరి ఆ ఊళ్ళకి ఏం దక్కింది అన్న ప్రశ్న సైంటిస్టులు సొంతంగా అడిగింది తక్కువ, 1992 జీవవైవిధ్య ఒప్పందం వచ్చాక అడగక తప్పలేదు. పసుపు గాయాలు మానుస్తుందన్నదాని మీద 1995లో అమెరికాలో ఒక యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కి పేటెంట్ ఇచ్చేశారు, మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలు చూపించి పోరాడితే 1997లో రద్దయింది. ఇప్పుడు కాన్ఫరెన్సుల్లో మొక్క ఎక్కడి నుంచి తెచ్చావు, ఎవరి అనుమతితో తెచ్చావు, హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల్ని భద్రపరిచే చోటు) నమూనా నంబరెంత అని అడుగుతున్నారు. మంచిదే.

సరే, మీ రెండో ప్రశ్న. చదవండి, కానీ ఒట్టి ఫార్మకాగ్నసీ మీద కూర్చోకండి. రసాయనాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ, మాస్ స్పెక్ మెషీన్ల మీద చేయి తిరగాలి, అణువు నిర్మాణం చూపించే ఎన్‌ఎంఆర్ గ్రాఫు చదవడం రావాలి, లేకపోతే ఇంటర్వ్యూ గుమ్మం దాటలేరు. వాటితోపాటు మీ కాలేజీలో ఇప్పుడు చేతికొస్తున్న మైక్రోస్కోపీని పరీక్ష అవగానే వదిలేయకుండా పట్టుకోండి, సెక్షన్ కోయడం, పొడి గుర్తుపట్టడం వచ్చిన కెమిస్టులు ఇక్కడ చాలా అరుదు, జీతం మాట్లాడేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. సెలవుల్లో మీ ఊరి చుట్టుపక్కల మొక్కల్ని బొటానికల్ పేర్లతో నేర్చుకుని హెర్బేరియం షీట్లు చేసుకోండి. సొసైటీలో స్టూడెంట్ మెంబర్‌షిప్ ఫీజు మామూలు సభ్యుల కన్నా తక్కువే, సమావేశాలకి వెళ్ళే విద్యార్థులకి ప్రయాణ ఖర్చుల సాయం కూడా ఉంటుంది, అబ్‌స్ట్రాక్ట్ బాగా రాస్తే దక్కే అవకాశం ఉంది. పీహెచ్‌డీకి గైడ్‌ని వెతుక్కునేటప్పుడు ఆ ల్యాబు నుంచి వచ్చిన చివరి నాలుగైదు పేపర్లు తీసి, అందులో మొక్కని ఎవరు గుర్తించారో చూడండి, ఆ పేరు ల్యాబు లోపలి మనిషిదైతే మీకు నేర్పేవాళ్ళు అక్కడున్నట్టే. ఇంకేమైనా ఉంటే కింద అడగండి, వీకెండ్‌లో చూసి జవాబిస్తాను.